బ్లేజర్ మీద పూలు

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. దేశానికి ఫుట్‌బాల్ ఆడినవాళ్ళ పేర్లతో యూనివర్సిటీ క్యాంపస్ గ్రౌండ్‌లో బోర్డు పెడుతున్నారంటే, నీ పేరూ రాయించాలని తార్నాక నుంచి నడుచుకుంటూ వెళ్ళాను.

"రెండే మ్యాచ్‌లు, అది గూడ సబ్‌స్టిట్యూట్ అంటున్నరు. మా లిస్టుల పేరు లేదు మేడమ్. ఇండియా బ్లేజర్ ఏస్కున్న ఫోటో ఏమన్న ఉన్నదా?" అన్నాడు క్లర్కు.

"రెండు మ్యాచ్‌లకే బ్లేజరేంటే" అని సిగ్గుపడి నువ్వు దాన్ని ఎప్పుడూ తొడుక్కోలేదు. శవపెట్టెలో పడుకోబెట్టేటప్పుడు నేనే తొడిగి పంపాను. సమాధుల తోటకి తీసుకెళ్ళేముందు పెట్టె చుట్టూ నిలబడి అందరం దిగిన ఫోటో ఒక్కటే ఉంది. అదే చూపించాను.

అతను ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"జేబు మీద బ్యాడ్జి కనపడ్తలేదు మేడమ్. పూలున్నయి."

జేబు మీద ఆ పూలు సర్దింది నేనే, అన్నయ్యా.