మామయ్య చేప

ఆనకట్ట కింది రేవు నుంచి,
జనవరి ఆఖరి ఆదివారం.

వెండెల్‌కు ప్రేమతో మావిస్ రాస్తున్నది.

ఇక్కడ నేనూ మన పిల్ల జూనీ కులాసా. మీ నాన్న కూడా ఒంట్లో బాగానే ఉన్నాడు. ఆయన సంగతి కింద వివరంగా రాస్తాను, వరస తప్పి ముందు అక్కడికి పోకు. నువ్వు ఆ డకోటా మంచులో, పైపుల పని దగ్గర చెవులు కప్పుకుని, వేళకింత తింటున్నావనే అనుకుంటున్నాను.

పడవ మోటారు గురించి అడిగావు. రేవు చూసుకునే బర్ల్ ప్లగ్గు మార్చి ఇచ్చాడు, ఇప్పుడు తాడు రెండోసారి లాగగానే అందుకుంటోంది. జూనీకి ముందు పన్ను ఊడింది. ఈల వెయ్యడం వచ్చిందని ఇల్లంతా ఎగిరిపోయేలా వేస్తోంది. నువ్వు పంపిన ఉన్ని కోటు నాన్నకు సరిపోయిందా అని రెండు ఉత్తరాల్లో అడిగావు. సరిపోయింది. ఒక్కసారి తొడుక్కుని, ఇది పైపులు మోసే కూలీల కోటు అని విప్పి, రేవులో బర్ల్ కుక్క కింద పరిచాడు. కుక్క దాని మీదే పడుకుంటోంది. పోయినసారి ఈ మాట రాయలేక దాటేశాను.

చేపలు మాత్రం బాగా పడుతున్నాయి. ఈ చలికి ఆనకట్ట పై నీళ్ళలో చిన్న చేపలు గుంపులు గుంపులుగా చచ్చి, టర్బైన్లలో ముక్కలై కిందికి కొట్టుకొస్తున్నాయి. ట్రౌట్ చేపలు వాటిని పొట్ట పగిలేలా మింగుతున్నాయి. తెల్ల ఈకల ఎర విసిరితే చాలు. చేపల వేటకు నీ దగ్గరకు ఏటా వచ్చేవాళ్ళందరినీ నేనే పడవలో తిప్పుతున్నాను. మామయ్యను పడవ నడపమని ఇప్పుడెవరూ పిలవడం లేదు. పోయిన నెల స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి ఒక పళ్ళ డాక్టరు వచ్చి ఆయన పడవెక్కాడు. అతను గాలం విసరడం చూసి, నీ చేత పన్ను పీకించుకున్నవాళ్ళ మీద జాలేస్తోందన్నాడట మీ నాన్న. ఆ మనిషి మధ్యలోనే దిగి వెళ్ళిపోయాడు.

నన్నూ వదల్లేదు. రోజూ పొద్దున నేను పడవ విప్పుతుంటే, వంటింట్లో మాడ్చడానికేమీ మిగల్లేదా, ఇటొచ్చావు అని అందరి ముందూ అడిగేవాడు. బర్ల్, అతని మనుషులూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఆ చలిలో జవాబు వెతుక్కోవడం కంటే నవ్వడం తేలిక.

ఇక గురువారం సంగతి. మధ్యాహ్నం నేను వచ్చినవాళ్ళను రేవులో దింపుతుండగా ఆనకట్ట సైరన్ మోగింది. నీళ్ళు వదులుతున్నారు. మామయ్య గులకరాళ్ళ తిప్ప దగ్గర నిలబడి ఒక్కడే గాలం వేస్తున్నాడని బర్ల్ చెప్పాడు. నేను పడవ తిప్పి వెళ్ళాను. పొగమంచులో ఆయన దగ్గరికి వెళ్ళేదాకా కనబడలేదు. తిప్ప అప్పటికే మునిగింది, ఆయన తొడల దాకా నీళ్ళలో ఉన్నాడు. చేతిలో గాలపు కర్ర విల్లులా వంగి ఉంది. రెండోవైపు బ్రౌన్ ట్రౌట్, జూనీ నడుము దాకా వచ్చేంత పొడుగు. ఎన్ని శీతాకాలాలుగా ఆయన ఆ చేప కోసం చూస్తున్నాడో నాకంటే నీకే తెలుసు.

"మామయ్యా, దారం తెంపి పడవెక్కండి," అన్నాను.

"తెంపుకుని పారిపోవడం నీ మొగుడి పని," అన్నాడు. కళ్ళు చేప మీదే ఉన్నాయి. "వాడు వెళ్ళిన రోజు నేనెంత హాయిగా నిద్రపోయానో తెలుసా? ఇంట్లోంచి చెడ్డ వాసనేదో పోయినట్టనిపించింది."

నాన్న నా గురించి అడుగుతున్నాడా అని నువ్వు ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు. అడుగుతున్నాడని నేనూ ప్రతిసారీ రాశాను. ఒక్కసారి కూడా అడగలేదు వెండెల్. అవన్నీ నేను కల్పించి రాసినవి.

నీళ్ళు నడుము దాటాయి. కింది రాళ్ళు కదులుతున్నట్టున్నాయి, ఆయన తూలాడు. నేను కత్తి తీసి దారం కోశాను. కర్ర ఒక్కసారిగా నిటారుగా లేచింది. ఆయన కాలరు పట్టుకుని పడవలోకి లాగాను. నడుము దాకా వేసుకున్న రబ్బరు తొడుగు నిండా నీళ్ళతో, దూడంత బరువున్నాడు. రేవులో దిగగానే, నా చేపను ఇది పోగొట్టిందన్నాడు. నీ ప్రాణం కాపాడిన మనిషిని అలా అంటావా అని బర్ల్ ఆయన మీద అరిచాడు.

అప్పట్నుంచి నేను ఊళ్ళో గొప్పదాన్నైపోయాను. మూడిళ్ళ నుంచి తీపి రొట్టెలు వచ్చాయి. ఈ పొద్దున చర్చిలో పాస్టర్ నా పేరు చెప్పి ప్రార్థన చేయించాడు. మీ నాన్న మాత్రం ఇవాళ పొద్దుటి దాకా గోడవైపు తిరిగే పడుకున్నాడు. తిండి లేదు, మాట లేదు, తిట్టు కూడా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. దారం కొయ్యడానికి ముందు ఆయన నన్ను చేపను ఎత్తే చేతివల అడిగాడు. చేప అలిసిపోయి పడవ పక్కనే వెల్లకిలా తేలింది, చెయ్యి చాపితే అందుతుంది. వలతో ఒక్కసారి ఎత్తితే పడవలో పడేది, ఆయన తనంత తానే ఎక్కేవాడు. వల తేలేదని చెప్పాను. వల నా బూటు కిందే ఉంది. ఆయన చూపు మందగించింది కాబట్టి కనబడలేదు. ఆయన ముఖంలో ఆ ఆశ అలాగే నిండుగా ఉండగా కొయ్యాలనిపించింది. కోశాను. ప్రాణం కాపాడటం ఆ తరవాత జరిగిన పని.

చర్చి నుంచి వచ్చేసరికి ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"వల పడవలో ఉందా, లేదా?"

"ఉంది. నా కాలి కిందే ఉంది," అన్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు తెర వచ్చి, కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా నవ్వాడు.

"కూర్చో అమ్మాయ్. ఇన్నేళ్ళకు ఈ ఇంట్లో నాలాంటి మనిషి ఒకరు తేలారు. మావాడైతే ఏడుస్తూ వల అందించేవాడు."

నేను ఈ ఇంటికి వచ్చాక ఆయన నన్ను అమ్మాయ్ అని పిలవడం అదే మొదలు. బీన్సూ మొక్కజొన్న రొట్టే పెట్టమని అడిగి, రెండు పళ్ళేలు తిన్నాడు. నేను పక్కన కూర్చుని రొట్టెకు వెన్న రాసి ఇచ్చాను. నా మనసు ఎంత తేలిగ్గా ఉందంటే, కూనిరాగం తీస్తున్నానని జూనీ చెప్పేదాకా నాకు తెలియలేదు. నాకు భయం వేసింది అప్పుడే.

వసంతంలో పని మానేసి వచ్చేస్తానని, అందరం ఒక్కచోట ఉందామని రాశావు. రా. నీ మంచం, నీ కుర్చీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నువ్వు గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన ఏదో ఒక మాట అంటాడు, అది నీకూ తెలుసు. అప్పుడు నేను నవ్వకుండా ఉంటానని మాత్రం మాట ఇవ్వలేను.

ఇట్లు,
మీ ఇంటి కోడలు
మావిస్