జి అంటే గ కాదు

మే 6
గిటార్ క్లాసులో చేరాను. ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణం పైన గది. ఇన్నేళ్లు బడి పిల్లలకు సరిగమలు చెప్పినదాన్ని, ఇప్పుడు పిలక కట్టుకున్న ఒక కుర్రాడికి శిష్యురాలిని. ప్రిన్సిపాల్ మేడం హుకుం మరి — జూన్ నుంచి గాత్రం పీరియడ్ ఉండదు, గిటారే. నేర్చుకుని నేను చెప్పాలి, లేదంటే వేరే మనిషిని చూసుకుంటారు. ఎంత మర్యాదో!

మే 9
మేజర్ స్కేల్ అట. దానికంత బిల్డప్. నా శంకరాభరణం రాగానికే ప్యాంటూ షర్టూ తొడిగారు. మాస్టర్‌తో అదే అన్నాను.
"ఔనా అక్కా? మంచిగైంది. మరి వాయించు."
వాయించలేకపోయాను. తీగలు ఇనుపవి.

మే 10
స్కేల్ కోసం ఆబిడ్స్ పోతున్నానని అత్తయ్యతో అన్నాను.
"గీతలు కొట్టే స్కేలుకు గంత దూరం ఏందమ్మా, ఉస్మాన్‌గంజ్‌ల సగం ధరకు దొరుకుతది గదా."
ఈ ఇంట్లో సంగీతానికి ఉన్న విలువ అంతే.

మే 14
వేళ్ల కొనలకు పొక్కులు. నిమ్మకాయ పిండితే ప్రాణం పోయింది.

మే 19
బోర్డు మీద జి చూపించాడు — గ నొక్కాను. డి చూపించాడు — ద నొక్కాను. రెండూ తప్పు. మా బడి పిల్లలకు తెలుగు చదవడం రాదని స్వరాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయించాను. ఎస్, ఆర్, జి, ఎమ్... నా కంటికి జి అంటే గ. వీళ్ల లెక్కలో జి అంటే ప! ఏం లెక్కో, ఎవడు పెట్టాడో.
మాస్టర్ నవ్వనైనా లేదు. నవ్వితే తిట్టుకునేదాన్ని.
"నీ చెయ్యి ఇంకా నీ బడిలనే ఉన్నది అక్కా" అన్నాడు.

మే 23
నాంపల్లి స్టేషన్ ముందు బస్సు కదలదు. ముందు సీటు కడ్డీ మీద వేళ్లు ఆడిస్తున్నా. పక్కావిడ జరిగి కూర్చుంది. జరగనీ.

మే 28
రేపు మేడం ముందు వాయించాలి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. భయంగా ఉంది. ఆవిడంటే కాదు — జి అంటే.

మే 29
కాగితం ముందు పెట్టి వాయించమన్నారు. జి వచ్చిన ప్రతిచోటా చెయ్యి గ మీదకే పోయింది. ఆపుదామన్నా ఆగలేదు... అయిపోయింది అనుకున్నా.
చప్పట్లు!
"వెరీ నైస్. ఎంత వెస్ట్రన్‌గా ఉందండీ" అన్నారు మేడం.
ఉద్యోగం నిలిచింది. ఆవిడ చెవులకు ఆ జూకాలు దండగ.

మే 30
పొద్దున లేవగానే నవ్వొచ్చింది. కాసేపటికి ఆగిపోయింది. ప్రతి వార్షికోత్సవంలో నా పాట అవగానే ముందు వరసలో ఆవిడే చప్పట్లు కొట్టేది. అవి తలుచుకుని ఎన్నేళ్లు పొంగిపోయాను... అవీ ఇవేనా?

జూన్ 11
రేపు బడి తెరుస్తారు. మొదటి పీరియడే గిటార్. బోర్డు సిద్ధం చేద్దామని వెళ్లాను. స ఉండేచోట సి రాయాలి. చెయ్యి ఎస్ రాసింది. తుడిచాను. మళ్లీ సుద్దముక్క పెట్టాను — ఎస్సే.
గదికి తాళం వెయ్యాలని ప్యూన్ వచ్చి నిలబడ్డాడు.
డస్టర్ చేతిలోనే ఉంది. తుడవకుండా వచ్చేశాను.