నాగలోకంలో బెల్‌బాటం

అల్లుడు జానయ్యకు,

మన నాగలోకం నాటకంలో కొత్త పాత్రగా చేర్చమని నువ్వు గీసి పంపిన ఫ్యాషన్ రాణి బొమ్మ అందింది. బెల్‌బాటం ప్యాంటు, నల్ల కళ్లద్దాలు, హైహీల్ చెప్పులు. హైదరాబాదులో కుట్టుపని నేర్చినవాడికి ఇంతకంటే ఏం తోస్తుందిలే!

ఒకసారి చౌటుప్పల్‌లో మన రాక్షసుడు చేతి గడియారం తీయడం మరిచి స్టేజీ ఎక్కితే, జనం "టైమెంతయిందే రాక్షసా?" అని అడిగారు. వాడిది మరుపు. నీది తెలివి, దానికి మందు లేదు.

నాగలోకపు ఆడవాళ్లకు నడుము కింద తోకే ఉంటుందని చిన్నప్పటి నుంచి చూస్తున్నావు కదా. తోకకు ప్యాంటు ఎట్లా తొడుగుతావురా? చెప్పులెక్కడ తగిలిస్తావు?

బొమ్మను పొయ్యిలో వేయబోతుంటే, నాగకన్య చెలికత్తె వేషం కట్టే యాదలక్ష్మి లాక్కుంది.

"గీమెకు కాళ్లున్నయి పెద్దబాపూ! తోకలోళ్ల నడుమ కాళ్లతోని పుట్టిందంటే ఎంత గోసో! గీ వేషం నాకియ్యి. పెండ్లయిన కాడికెల్లి తోక కట్టుకొని దేకుతున్న. ఒక్కపారన్న గా లోకంల లేచి నడుస్త."

బొమ్మను ఆమె చేతిలోనే వదిలేశాను. నేను, చూశావా!

రామన్నపేట ఆటలో ఆ పాత్ర ఉంటుంది. నువ్వు గీసింది బట్టలు, మనిషిని పుట్టించింది యాదలక్ష్మి. కనుక మైకులో నీ పేరు చెప్పించమని రాసిన ముక్క నేను చదవలేదనుకో. ఆమె కొలతలు పంపుతున్నాను, ప్యాంటు కుట్టి తీసుకురా. పరుగెత్తడానికి వీలుండాలని మరీమరీ చెప్పింది.

మీ మామ