గంగమ్మ గుడి ముందు నేను అడిగింది

గోపాలపట్నం, విశాఖపట్నం
ఆదివారం

అక్కవే అయినా అమ్మలా నన్ను పెంచిన అప్పకు, నీ తమ్ముడు గోవిందు దండాలు పెట్టి రాస్తున్నాను. నాకు ఒంట్లో బాగుంది. వేళకు తింటున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావ దగ్గు తగ్గిందా? చిన్నదానికి బళ్ళో కొత్త టీచరమ్మ నచ్చిందా?

రోజూ ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఉత్తరమెందుకు అనుకుంటావు. ఫోనులో నువ్వు "తిన్నావా" అనగానే ఆ కబుర్లలోనే పడిపోతాను. అసలు మాట దాటిపోతుంది. ఇది మాత్రం మొదటినుంచీ చెప్పాలి. భయపడకు. అందరూ క్షేమంగానే ఉన్నారు. ఆ మాట ముందే రాసేస్తున్నాను.

ఇక్కడ ఉక్కపోత ఇంకా తగ్గలేదు. హార్బర్లో సాయంత్రానికి చొక్కా మీద ఉప్పు తెల్లగా చారలు కడుతుంది. గదిలో నాతో ఉండే సత్యం స్టీలుప్లాంటులో షిఫ్టులకెళ్తాడు. నేను తెల్లారకముందే బస్సెక్కితే వాడు అప్పుడొచ్చి పడుకుంటాడు. మేమిద్దరం మాట్లాడుకునేది ఆదివారమే. మెస్సులో సాంబారు తియ్యగా ఉంటుంది. నువ్వు పంపిన చింతకాయ పచ్చడితోనే నెట్టుకొస్తున్నాను. అది అయిపోవచ్చింది. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకొంచెం పంపు.

నా మేస్త్రి అప్పలరాజు గురించి నీకు చెప్పాను కదా. ముప్పై ఏళ్ళుగా బోట్ల ఇంజన్లు బాగుచేస్తున్న మనిషి. పొద్దున్నే పానాల పెట్టె మూత తీసి, పెద్ద పానా కళ్ళకద్దుకుని, కాసేపు కళ్ళు మూసుకుని నిలబడితే గానీ పని మొదలుపెట్టడు. కొత్తలో ఒకరోజు నవ్వుతూ అడిగాను, దండం పెడితే బోల్టు బిగుసుకుంటుందా అని. ఆయనేం కోప్పడలేదు.

"బోల్టు నానే బిగిత్తాను. బిగించేటప్పుడు నా మనసు ఇంకో దగ్గరికి పోకండా ఉండాలని దండమెడతాను" అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను. దండం పెట్టుకున్నావా అని నువ్వు ఫోనులో అడిగినప్పుడల్లా ఊఁ అన్నాను. అన్నీ అబద్ధాలే.

కిందటి నెలలో ఒక సోమవారం సాయంత్రం నూకరాజనే డ్రైవరు నడిపే బోటు మా దగ్గరికి వచ్చింది. ఇంజనుకి సముద్రపు నీళ్ళు తెచ్చి చల్లబరిచే రబ్బరు పైపు చీలింది. మేస్త్రి ఇంకో బోటులో ఉన్నాడు. ఆ పని నాకప్పగించాడు. కొత్త పైపు వేశాను. దాన్ని పట్టి ఉంచే క్లాంపుని చేత్తో తిప్పి, గట్టిగా బిగించడానికి పానా అందుకోబోతుంటే పక్క బోటువాళ్ళు కేకేశారు. వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మనసు బస్సు మీద ఉంది. పానాలన్నీ తుడిచి పెట్టెలో సర్దేసి, అయిపోయిందని నూకరాజుకి చెప్పి వచ్చేశాను. మర్నాడు తెల్లవారుజామున కొబ్బరికాయ కొట్టి ఏడుగురు వేటకెళ్ళారు.

గురువారానికి వాయుగుండం కబురొచ్చింది. వేటకెళ్ళిన బోట్లన్నీ పొద్దున్నే ఒకటొకటిగా వచ్చేశాయి. నూకరాజు బోటు రాలేదు. దాని వైర్‌లెస్ మొదటిరోజు మధ్యాహ్నం నుంచే పలకలేదట. దూరం పోయారు కాబట్టి అందడం లేదని అంతవరకూ అందరూ అనుకున్నారు.

నూకరాజు భార్య ఎల్లమ్మ వేలం దగ్గర చేపలు ఏరే పని చేస్తుంది. ఆ రోజు కూడా చేస్తూనే ఉంది. చేతులు రొయ్యలూ చేపలూ వేరుచేస్తున్నాయి, పెదాలు కదులుతున్నాయి, కళ్ళు మాత్రం సముద్రం మీద ఉన్నాయి. ఇంటికెళ్ళి కూర్చోమని పక్కనున్న ఆడవాళ్ళు ఎంత చెప్పినా లేవలేదు. నేను అటుగా వెళ్తుంటే పిలిచింది.

"తమ్ముడా, గంగమ్మకి నువ్వూ ఓ దండమెట్టు. నువ్వు బాగుసేసిన ఇంజనే గదా, నీ మాట ఇంటాది తల్లి."

అప్పా, ఆ మాట విన్నాక పనిలోకి పోలేకపోయాను. జెట్టీ చివర చిన్న గుడి ఉంది, గంగమ్మది. వెళ్ళి చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను. అప్పుడు నా నోట వచ్చిన మాట ఏమిటో తెలుసా? "తల్లీ, ఇది నా వల్ల జరిగింది కాకూడదు." అదీ నేనడిగింది. ఏడుగురు మనుషులు నీళ్ళ మీద ఉంటే నేను నా పేరు కోసం వేడుకుంటున్నాను. ఎల్లమ్మ నన్ను పంపింది ఇందుకు కాదు. సిగ్గేసింది. కళ్ళు తెరవకుండానే ఆ సోమవారం సాయంత్రాన్ని మళ్ళీ గుర్తుచేసుకున్నాను. పానా అందుకోబోవడం గుర్తుంది. తిప్పడం గుర్తులేదు. ఎంత వెతికినా గుర్తులేదు.

అక్కణ్ణుంచి తిన్నగా మేస్త్రి దగ్గరికెళ్ళి చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన ఏ క్లాంపు, చేత్తో ఎంతవరకు తిప్పావు అని రెండే ముక్కలు అడిగాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని బోటు ఓనరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఓనరు అప్పటికే వెతకడానికి ఇంకో బోటు సిద్ధం చేయిస్తున్నాడు. నూకరాజు ఎప్పుడూ వెళ్ళే దూరపు లోతుల వైపు పోవాలని చెబుతున్నాడు. నేను విషయం చెప్పగానే నా కాలరు పట్టుకున్నాడు. మేస్త్రి మధ్యలోకొచ్చాడు.

"కొట్టాలంటే తరవాత కొట్టండి బాబూ. ఈడు సెప్పింది నిజమైతే ఆ బోటు అంత దూరం ఎల్లనే లేదు. ఫుల్ స్పీడు ఏసిన రెండు మూడు గంటలకే పైపు ఊడిపోద్ది, ఇంజను వేడెక్కి పట్టేత్తాది. ఇంజనాగితే బేటరీ దిగి వైర్‌లెస్సూ ఆగిపోద్ది. రెండ్రోజులై ఈ గాలికి కొట్టుకుపోతన్నారు. దచ్చినానికి ఎతకాలి, పూడిమడక వైపు."

ఓనరు నా కాలరు వదిలేసి ఫోను తీశాడు. వెతికేవాళ్ళందరికీ ఆ మాటే చెప్పాడు. వెళ్ళే బోటులో నేనూ ఎక్కాను. ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. మేస్త్రి పక్కన కూర్చున్నాడు. సముద్రం మీదికి పోవడం నాకదే మొదటిసారి. రేవు దాటగానే వాంతులు. ఒంట్లో ఏమీ మిగల్లేదు. ఆ మధ్యలో మళ్ళీ దండం పెట్టుకున్నాను. ఈసారి నా సంగతి గుర్తుకే రాలేదు. వాళ్ళు కనపడితే చాలు అనుకున్నాను, అంతే.

శుక్రవారం పొద్దున్న, గాలి ఇంకా ముదరకముందే కనపడ్డారు. చొక్కా కట్టిన వెదురుగడ ఊపుతున్నారు. ఏడుగురూ ఉన్నారు. వల తాళ్ళకి బరువులు కట్టి నీళ్ళలోకి వదిలారు, బోటు మరీ దూరం కొట్టుకుపోకుండా. తాగే నీళ్ళు మూతలతో కొలుచుకుని తాగారు. ఇద్దరికి జ్వరం. నేను ఇంజను గదిలోకి దిగి చూశాను. క్లాంపు వదులుగా పైపుకి వేలాడుతోంది. నా చేతి పనే.

దాన్ని తీసుకెళ్ళి నూకరాజు ముందు పెట్టి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన పెదాలు పగిలిపోయి ఉన్నాయి. క్లాంపుని వేళ్ళతో తిప్పి చూశాడు.

"నిన్న సెప్పావా, ఇయ్యాల సెప్తన్నావా?" అన్నాడు.

నిన్ననే చెప్పాడనీ, అందుకే ఇటు వెతికామనీ మేస్త్రి అన్నాడు.

"అయితే కూకో" అన్నాడు నూకరాజు. పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆ బోటుకి తాడు కట్టి లాక్కొచ్చాం. రేవుకి చేరేదాకా నేను ఆయన పక్కనే కూర్చున్నాను.

మేస్త్రి గంగమ్మకి కొబ్బరికాయ కొట్టించి, ఆ ఇంజను మొత్తం నా చేతే విప్పించి మళ్ళీ బిగింపించాడు. తొమ్మిది రోజులు పట్టింది. విషయం తెలిశాక ఎల్లమ్మ నాతో మాట్లాడడం మానేసింది. అది న్యాయమే. తొమ్మిదో రోజు ఇంజను బిగించడం పూర్తయ్యేసరికి వచ్చి, గిన్నెలో చేపల పులుసు నా పక్కన పెట్టి వెళ్ళిపోయింది. పులుసు తింటూ ఏడ్చాను. నవ్వకు.

ఇప్పుడు నేనూ పొద్దున్నే నిలబడుతున్నాను అప్పా. మేస్త్రిలా పానా కళ్ళకద్దుకోవడం ఇంకా రాదు, సిగ్గుగా ఉంటుంది. ఊరికే కళ్ళు మూసుకుని, ఆ రోజు నేను బాగుచేసే బోటులో ఎవరెవరు వెళ్తున్నారో తలుచుకుంటాను. అందుకు ముందు వాళ్ళ పేర్లు అడగాలి. అడుగుతున్నాను. పని కాస్త ఆలస్యమవుతోంది. మేస్త్రి ఏమీ అనడం లేదు.

బావకి నా దండాలు చెప్పు. పిన్నికీ, వెనకింటి తాతకీ అడిగానని చెప్పు. చిన్నదాన్ని బాగా చదువుకోమను. నీ మోకాలికి ఆ నూనె రాయడం మానకు. నా మీద కోపం ఉంటే ఫోనులో తిట్టు, వింటాను.

నూకరాజు బోటు మొన్న శుక్రవారం మళ్ళీ వేటకెళ్ళింది. క్లాంపు నేనే బిగించాను, ఆయన పక్కన నిలబడి చూశాడు. గురువారానికి తిరిగి రావాలి. ఈ ఉత్తరం అందాక నువ్వు చేతులు జోడించినప్పుడు వీళ్ళనీ తలుచుకో. నూకరాజు, ఎర్రయ్య, పోలయ్య, దానయ్య, చిన్న అప్పారావు, పెద్ద అప్పారావు, కాశీ.

ఆ తర్వాత నీకు ఓపికుంటే నన్ను దీవించు.

నీ తమ్ముడు,
గోవిందు