జెడ్‌కి ఎవరూ నేర్పని పని

చిరంజీవి కిర్స్టీకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను, ఈనుతున్న గొర్రెలు, ఇల్లంతా తడుపుతున్న కుక్కపిల్ల క్షేమం. పెర్త్ ఎండల్లో, ఆ గని వంటశాలలో నువ్వూ క్షేమమని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. లేదు, జెడ్‌ని మంచం ఎక్కనివ్వడం లేదు. మీ నాన్న మంద కుక్కల్ని గడప దాటనిచ్చేవాడు కాదని గుర్తుచేశావు. నిజమే. కానీ దానికింకా పది వారాలే, ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్ని. పొయ్యి పక్కన పెట్టెలో పాత స్వెట్టర్ వేసి పడుకోబెడుతున్నాను. బూట్లు కొరికిన మాట నిజమే. నావే కొరికింది, నాన్నవి ముట్టుకోలేదు.

దాన్నిచ్చిన పక్క కొండ కాపరి హోనె, ఈ వయసులో చూడనిదేదైనా పెద్దయ్యాక చూస్తే బెదురుతుందన్నాడు. అందుకని రోజుకొక కొత్త సంగతి చూపిస్తున్నాను. టపా వ్యాను మోతకి రెండ్రోజుల్లో అలవాటు పడింది. గొడుగు విప్పితే మాత్రం బల్ల కింద దూరింది. గొడుగులో మాంసం ముక్క పడేశాను. ఇప్పుడు వాన మబ్బు పడితే చాలు, గొడుగు దగ్గరికెళ్లి కూర్చుంటోంది తిండిపోతు. పిలిస్తే వస్తుంది, కూర్చోమంటే కూర్చుంటుంది. అన్నీ నోటిమాటతోనే నేర్పాను. మీ నాన్నలా ఈల వేసి కుక్కని తిప్పడం నాకు రాదుగా.

రెండు వారాల కిందట, ఉదయం పదింటికి, పెరట్లో ఎముకతో ఆడుతున్న జెడ్ ఆట ఆపేసింది. వెనక లోయ వైపు చెవులు నిక్కించింది. టక్కున పొట్ట నేలకానించి పడుకుంది. లేచి, ఎడమకి చుట్టు తిరిగి, మళ్లీ పడుకుంది. పసిదాని చేష్టలనుకుని నవ్వాను. మర్నాడు అదే వేళకి కుడికి తిరిగింది.

మూడో రోజు టీకి వచ్చిన హోనె అది చూసి కప్పు కింద పెట్టేశాడు.

“ఎవరు నేర్పారు దీనికి?”

నేను కాదన్నాను.

“ఇది మీ ఆయన డూగల్ కుక్కల పద్ధతి, నోలా. తిరగబోయే ముందు అలా ఒకసారి పడుకుని లేవడం ఈ కొండల్లో ఇంకెవరి కుక్కా చెయ్యదు.”

కుక్క అలా తిరిగేది కాపరి ఈలకే. ఏ కాపరి ఈలలు ఆ కాపరివే కదా, పక్క కొండ మీది కుక్క పొరబడకుండా. హోనె కుక్కలు రెండూ అతని కాళ్ల దగ్గరే ఉన్నాయి, చెవి కూడా కదపలేదు. జెడ్ పుట్టింది మీ నాన్న పోయిన నెల రోజులకి. దాన్ని తిరిగి తీసుకెళ్తావా అని అడిగాను. “వద్దులే తల్లీ, మా పెరట్లో కూడా ఇదే చేస్తే నేనేం చెయ్యను?” అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.

తరవాత వారం అది నా వెనక్కి చేరడం మొదలుపెట్టింది. తల దించి, కళ్లు నా మీదే పెట్టి. నేను ఇటు జరిగితే ఇటు, అటు జరిగితే అటు అడ్డం వస్తుంది. మొరగదు, కరవదు. వెనక గేటు వైపు అడుగేస్తే మాత్రం నెమ్మదిస్తుంది. మూడు రోజులు వరసగా గేటు దగ్గరే తేలాను. నన్ను గొర్రెని తోలినట్టు తోలుతోంది కిర్స్టీ. నాకు చాలా భయం వేసింది.

నీకు చెప్పనిది ఒకటుంది. మంచు కురిసి మీ నాన్న తిరిగిరాని ఆ రోజు, ఆయన ఈల నేను విన్నాను. రొట్టెల పిండి పిసుకుతున్నాను. వెనక లోయలోంచి మూడు పొడుగు ఈలలు, కాసేపటికి మళ్లీ మూడు. కుక్కతో పనిలో ఉన్నాడనుకున్నాను. ఇన్నేళ్ల కాపురంలో ఆ ఈలల్లో ఏది దేనికో నేనెప్పుడూ పట్టించుకోలేదు. చీకటిపడ్డాక వెతకడానికొచ్చినవాళ్లు, ఏ వైపునుంచైనా ఏమైనా వినిపించిందా అని అడిగారు. విని కూడా గుమ్మం దాటలేదని చెప్పడానికి సిగ్గేసి, లేదన్నాను. నా మాట నమ్మి, లోయ వదిలేసి, రెండు రోజులు ఏటి వైపే వెతికారు. మొదటి రాత్రంతా ఆయన ప్రాణంతోనే ఉన్నాడని డాక్టరు తరవాత చెప్పాడు. “నాన్న మనల్ని పిలవలేదా అమ్మా?” అని నువ్వు అడిగితే, నీకూ లేదనే చెప్పాను.

పోయిన గురువారం గేటు తీశాను. జెడ్ తోలిన దారినే నడిచాను. ఆయన దొరికిన రాళ్ల దగ్గర మంచు పోయి పచ్చగడ్డి తలెత్తింది. అది ఆ రాళ్లకేసి చూస్తూ పడుకుంది. ఇప్పుడు నీకు రాసిందంతా అక్కడ గట్టిగా చెప్పాను. నాకేమీ వినపడలేదు. జెడ్ చెవులు మాత్రం దించలేదు. పేరుపెట్టి పిలిచినా, మాంసం చూపించినా లేవలేదు. చంకనెత్తుకుని తెచ్చాను.

అప్పటినుంచి తింటుంది, ఆడుతుంది. పదయ్యేసరికి గేటు దగ్గరికెళ్లి పడుకుంటుంది, నేను మోసుకొచ్చేదాకా లేవదు. పని అయిపోయింది, ఇక ఇంటికి పద అనే ఈల పడితేనే లేస్తుందని హోనె అంటున్నాడు. అది మీ నాన్న వేస్తాడని ఇన్ని రోజులు చూశాను. ఆయన వెయ్యడం లేదు.

ఆ ఈల ఆయన నేర్పింది నీకొక్కదానికే. ఈ ఉత్తరం చదివాక వచ్చి వేస్తావో, రాకుండా ఉంటావో, నీ ఇష్టం.

ఇట్లు,
నీతో అబద్ధమాడిన
మీ అమ్మ