కోట దాటని యువరాజు

ఆదివారం

అక్క కంప్యూటర్లో ఆడే పాతకాలపు రాజ్యాల ఆట పిచ్చి నాకూ పట్టుకుంది. అందులో నాకు నచ్చేది యుద్ధం కాదు, మనుషులు ఎదిగే తీరు. రాజుగారింట పుట్టినంత మాత్రాన ఎవడూ సేనాపతి కాడు. ఎక్కడ ఉంచితే అక్కడి గుణాలే వంటబడతాయి. రాజు దత్తు తీసుకున్న ఒక అనామకుణ్ణి సరిహద్దు కోటకు పంపి మరిచిపోయాను. ఈరోజు చూస్తే, దొంగల ముఠాలతో తలపడి తలపడి, సైనికులు ప్రాణం పెట్టే నాయకుడయ్యాడు. ఎంత ముచ్చటేసిందో! ఈ ఆట తయారుచేసినవాళ్లు ఎవరో గాని, మనుషులను బాగా చూసినవాళ్లు.

నా యువరాజును మాత్రం చచ్చిపోతాడేమోనని రాజధాని దాటనివ్వలేదు. మంచి చదువరి అయ్యాడు. దాంతోపాటు బద్ధకస్తుడు, పిరికివాడు కూడా అయ్యాడు.

అక్క చూసి నవ్వింది. "ఏమే, కోడిపిల్లను గంప కింద మూసినట్టు మూసినావు గదే వాణ్ణి!"

"బయటికి పోతే బతకడేమో అక్కా."

"ఈడనే ఉంటే బతికినట్టా? అది సరే, కణేకల్ బడిలో టీచరుగా రమ్మంటే ఇంకా ఔననలేదేం? రేపటికల్లా చెప్పల్ల గదా!"

క్లాసు నిండా పిల్లల ముందు నిలబడి గొంతెత్తాలి. అదే నా భయం.

యువరాజును కొద్దిమంది సైనికులతో సరిహద్దుకు పంపాను. మొదటి పోరులోనే ఓడిపోయాడు. కానీ బతికే ఉన్నాడు.

అన్నం తిన్నాక హెడ్‌మిస్ట్రెస్‌గారికి మెసేజ్ పెట్టాను, "వస్తాను మేడం" అని. వెంటనే ఫోను బోర్లించేశాను. జవాబు వచ్చిన చప్పుడైంది. ఇంకా చూడలేదు.