సినిమా హాల్లో లేత్ మెషిన్

జూన్ 3

హాలు తాళాలు నా చేతికొచ్చాయి. ఎప్పుడో మూతపడ్డ సినిమా హాలు. పంపుల కంపెనీ, గేర్ల కంపెనీ, డబ్బాల కంపెనీ కలిసి అద్దెకు తీసుకున్నాయి. హైస్కూలు పిల్లలకీ కాలేజీ పిల్లలకీ అందరికీ ఒకటే చోటు. వచ్చి మెషిన్లు చూడొచ్చు, నడపొచ్చు, ఇప్పటి ఫ్యాక్టరీ పనంటే ఏమిటో తెలుసుకోవచ్చు. కంపెనీలకేమో మనుషులు దొరకడం లేదు. పిల్లలకేమో ఫ్యాక్టరీ అంటే పొగ, మసి, అరుపులు. మధ్యలో నన్ను పెట్టారు. పంపుల కంపెనీలో ఇన్నేళ్ళుగా కంప్యూటర్ లేత్ నడుపుతున్నాను కాబట్టి మనుషులనీ నడుపుతాననుకున్నారు.

లోపల ఇంకా పాత కుర్చీల వాసన. నాకెందుకో నచ్చింది.

జూన్ 8

బోర్డు మీద ఎవరి కంపెనీ పేరు ముందుండాలని ముగ్గురు ఓనర్లూ పొద్దుటి నుంచి ఒకటే గొడవ. నేను ఓ మూల కూర్చుని క్యారియర్ ఖాళీ చేశాను. చివరికి ఎవరి పేరూ వద్దని తేలింది. నాకు మాత్రం భలే సంతోషం.

జూన్ 11

నేల వాలుగా ఉంది!

సినిమా హాలు కదా, వెనక ఎత్తు, ముందు పల్లం. కుర్చీలన్నీ పీకించాక పెన్ను జారి పడితే తెర దాకా దొర్లుకుంటూ వెళ్ళింది. వాలు మీద లేత్ పెడితే అది చేసే వస్తువు కొలతకి రాదు. మేమందరం వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా పట్టుకునేవాళ్ళం. ఇంత పెద్ద వాలు ఒక్కరి కంటికీ ఆనలేదు. పంపుల ఓనరు తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు నవ్వు ఆగక బయటికి పరుగెత్తాను.

మెట్లు మెట్లుగా కాంక్రీటు పోయిస్తారట. ఇంకో మూడు వారాలు ఆలస్యం.

జూన్ 15

అక్క ఇంటికి వెళ్ళాను. వీధిలో ఆడవాళ్ళందరి బట్టలూ అక్కే కుడుతుంది. కొలతలు తీస్తూ కబుర్లు చెబుతుంది కాబట్టి ఎవరి పిల్ల ఏం చదవాలో కూడా సగం అక్కే తేలుస్తుంది. మొదటి బ్యాచ్‌లో ఆడపిల్లలు ఉండాలక్కా, నువ్వొక మాట చెప్పు అన్నాను. గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని అంతా వింది. సూదులు తీశాక అంది, వీధిలో వాళ్ళ సంగతి తర్వాత, నా కూతుర్ని మాత్రం ఆ గుమ్మం తొక్కనివ్వను, చెల్లెలివి కాబట్టి ఇంత మెల్లగా చెబుతున్నా అని.

పక్కగదిలో బావ టీవీ సౌండ్ తగ్గించాడు.

బావ ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. రేకుల ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద పోయాయి. చెయ్యి లోపలికి పోకుండా ఒక జాలీ ఉండేది. పని తొందరగా తెమలాలని దాన్ని పైకెత్తి తీగతో కట్టేసేవాళ్ళు. బావ ఒక్కడే కాదు, అందరూ అంతే. ఆ తర్వాత అక్క బావ చొక్కాల గుండీలన్నీ పీకేసి హుక్కులు కుట్టింది. దాని గురించి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

టీ తాగి వచ్చేశాను.

జూన్ 16

పిచ్చుక ఫోను. అక్క కూతురు. ఒకచోట కాలు నిలవదని చిన్నప్పుడు నేనే పెట్టిన పేరు. పిన్నీ, రోబో చెయ్యి వస్తుందటగా, నిజమేనా అంది. మీ అమ్మ ఒప్పుకోదే అన్నాను. నేను రోబో గురించి అడిగితే నువ్వు అమ్మ గురించి చెబుతావేంటి అంది.

జూన్ 24

హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌ని కలిశాను. మంచావిడ. కూర్చోబెట్టి మర్యాద చేసి, మార్కులు రాని వాళ్ళందర్నీ మీ దగ్గరికి పంపేస్తానండీ, ఏదో ఒక దారి చూపించినట్టుంటుంది అంది. ఒళ్ళు మండింది. వాళ్ళనీ పంపండి, మార్కులొచ్చిన వాళ్ళనీ పంపండి, మా మెషిన్లకి కోణాలూ దశాంశాలూ కావాలండీ, జాలి అక్కర్లేదు అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. పక్క గదిలో గుమాస్తా తొంగి చూశాడు.

ఆవిడ కోప్పడలేదు. ముందు తను వచ్చి చూస్తానంది.

జూలై 4

కాంక్రీటు ఆరింది. పై మెట్టు మీద కొలతల బల్లలు, మధ్యలో లేత్, కింద తెర ఉన్నచోట వెల్డింగ్ చేసే రోబో. అచ్చం హీరోలా నిలబడింది.

గోడలకి రంగు వేయడానికి పిచ్చుక వచ్చింది. వాళ్ళమ్మతో లైబ్రరీకని చెప్పిందట. వెంటనే వెనక్కి పంపాల్సింది. ముక్కు మీద నీలం రంగు పూసుకుని అంత సంబరంగా ఉంటే నోరు రాలేదు.

జూలై 6

ఇవాళా పంపలేదు.

జూలై 12

పిచ్చుక లేత్ నడిపింది. ప్రోగ్రామ్ తనే రాసింది. రెండుసార్లు తప్పు రాసి, తనే కనిపెట్టి, తనే దిద్దుకుంది. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను, నోరు కూడా కట్టుకుని. ఇనప కడ్డీ నున్నగా గుండ్రంగా బయటికొచ్చేసరికి దాని మొహం చూడాలి. దాన్ని నా కడుపున పుట్టిన పిల్లలాగే పెంచాను. కానీ కన్నది అక్క. ఆ మొహం చూడాల్సింది అక్క, చూసింది నేను. దొంగతనం చేసినట్టే అనిపించింది.

అక్కకి చెప్పాలి. రేపు.

జూలై 15

చెప్పలేదు. అక్కే ఫోన్ చేసింది. ఇరవయ్యో తారీఖున అందరికీ మెషిన్లు చూపించే ఓపెన్ డేకి వీధిలో వాళ్ళందరూ వెళ్దామంటున్నారట. నేనూ వస్తా, చూసి ఉన్నది ఉన్నట్టు నలుగురికీ చెబుతా అంది. పిచ్చుకని ఆ రోజు ఇంట్లోనే ఉండమన్నాను. సరే పిన్నీ అంది, అంత బుద్ధిగా అన్నప్పుడే అనుమానించాల్సింది.

జూలై 20, ఉదయం ఆరు

ఇస్త్రీ చీర కట్టుకోనా, యూనిఫామా? యూనిఫామే.

జూలై 20, సాయంత్రం

ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

జనం బాగా వచ్చారు. తల్లులే ఎక్కువ. రోబో దగ్గర ఫోటోలు దిగారు. హెడ్మిస్ట్రెస్ కొలతల బల్ల వదిలి రానంది. తర్వాత లేత్ దగ్గర నా వంతు. అప్పుడే అక్క, బావ లోపలికొచ్చారు. అక్క సరిగ్గా ముందు వరసలో నిలబడింది. నా ధ్యాసంతా తన మీదే. అందరికీ బాగా కనబడాలని మెషిన్ తలుపు తెరిచే ఉంచి స్టార్ట్ నొక్కాను. కదల్లేదు. మళ్ళీ నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది. ఇన్నేళ్ళ సర్వీసు, నా బుర్రకి అందలేదు. తల్లులు ముసిముసిగా నవ్వుతున్నారు, పంపుల ఓనరుకి చెమటలు.

వెనక నుంచి గొంతు వినిపించింది, పిన్నీ, తలుపు వెయ్యలేదు, వేస్తేగానీ తిరగదు అని.

పిచ్చుక.

అక్క తల తిప్పి కూతుర్ని చూసింది. తర్వాత నన్ను. ఇది ఎన్నాళ్ళ నుంచి అంది. నేను నోరు తెరిచేలోపు బావ అన్నాడు, రోజూ స్కూటర్ మీద దింపుతున్నది నేనే అని. నేనూ వినడం అదే మొదటిసారి! నాలుగు వీధుల అవతల దింపేవాడట, నాకు కనబడకుండా. అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంట్లో అందరికీ తెలుసన్నమాట, నాకు తప్ప అంది. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. మెషిన్ దగ్గరికొచ్చి తలుపు తనే కాస్త తెరిచి పట్టుకుని, నొక్కు అంది. నొక్కాను. కదల్లేదు. ఇంకాస్త మూసింది. నొక్కు. కదల్లేదు. వేలు పట్టేంత సందు ఉంచింది. నొక్కు. కదల్లేదు. పూర్తిగా వేశాక తిరిగింది. తిరుగుతుండగా తలుపు లాగింది, రాలేదు, రెండు చేతులా లాగింది, రాలేదు. దీన్ని కూడా తీగతో కట్టెయ్యొచ్చా అని అడిగింది.

పంపుల ఓనరు నా వైపు చూశాడు, కుదరదని చెప్పమన్నట్టు. అక్కకి అబద్ధం చెప్పలేకపోయాను. పంతం పడితే మనిషి దేన్నైనా పాడుచెయ్యగలడక్కా, అందుకే ఇక్కడ మొదటి పాఠం అదే, తొందర కోసం దీన్ని ముట్టుకోకూడదని అన్నాను.

అక్క చీర కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. వెనకే పిచ్చుక, బావ.

జూలై 22

అక్క ఫోన్ ఎత్తడం లేదు. వీధిలో ఒక్కరు కూడా పేరు ఇవ్వలేదు. అందరూ అక్క మాట కోసం చూస్తున్నారు. నాకిప్పుడు పేర్లు అక్కర్లేదు. అక్క మాట్లాడితే చాలు.

జూలై 25

పొద్దున్నే అక్క వచ్చి తలుపు కొట్టింది. చేతిలో పెద్ద మూట. నా మొహం వంక చూడకుండా మంచం మీద కుమ్మరించింది. ఏప్రాన్లు. ముతక గుడ్డ, చేతులు బిగుతుగా, ఎక్కడా వేలాడే తాడు లేకుండా. హాల్లో మీరు పెట్టినవి చూశాను, వదులు చేతులు, మెషిన్ లాగెయ్యదూ, బుద్ధుందా అంది. రెండు రాత్రులు కూర్చుని కుట్టిందట. అక్కా, తప్పయిపోయింది అన్నాను. అయింది అంది. ఇంకెప్పుడూ నా పిల్ల సంగతి నా దగ్గర దాచకు అంది. దాచనని ఒట్టేశాను. అప్పుడు నా తల మీద ఒకటి మొట్టి, చిన్నప్పటిలా దగ్గరికి తీసుకుంది. ఇద్దరం ఏడ్చాం, హాయిగా.

పోయే ముందు అంది, బావ రాత్రి మొదటిసారి చెప్పాడట, ఆ రోజు ప్రెస్సు దగ్గర ఏం జరిగిందో. పిచ్చుకకి చెబుతుంటే తను విందట.

పిచ్చుకతో కలిపి వీధిలోంచి ఏడుగురు ఆడపిల్లలు వస్తున్నారు.

ఆగస్టు 4

మొదటి బ్యాచ్, మొదటి రోజు. క్లాసు అయిపోయేసరికి అక్క గేటు దగ్గర నిలబడి ఉంది. బయటికొచ్చే ప్రతి పిల్లనీ ఆపి చేతులు చాపమంది. ఇటూ అటూ తిప్పి చూసి, వెళ్ళు అంది. అందరూ అయ్యాక నేను తాళం వేసి వచ్చాను.

నా చేతులూ చూసింది.